శాంతి సేన నాయన, యుద్ధ శాఖ వార్త

గిద్దలూరులో మాది చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, కరెంటు బిల్లులు, పరీక్షల అప్లికేషన్లు అన్నీ చేస్తాం. కానీ మా కొట్టుకి కూడు పెట్టేది మిలట్రీ పింఛన్ల పని. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ వీధికి పోయినా మిలట్రీలో చేసి వచ్చినవాళ్లు నలుగురైదుగురు కనిపిస్తారు. వానలు సరిగా పడని నేల, ఎంత లోతుకి దించినా నీళ్లు రాని బోర్లు. పదో తరగతి పాసై, ఎత్తూ ఛాతీ కొలతా సరిపోతే పిల్లవాణ్ని రిక్రూట్‌మెంట్‌కి పంపడం మా వైపు ఎప్పటినుంచో ఉన్న బతుకుదారి. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగున్నరకి తలుపు తీస్తే రోడ్డు మీద పరుగు చప్పుడు వినపడుతుంది.

2025 సెప్టెంబరు 6వ తేదీ, శనివారం. కొట్లో బెంచీ మీద ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకాయనకి స్పర్శ్‌లో, అంటే మిలట్రీ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో, బ్యాంకు అకౌంటు మార్చాలి. ఇంకొకాయనకి పింఛను కాగితంలో భార్య పేరు ఒక అక్షరం తప్పు పడింది. మూడో ఆయన మా నాయన. ఆయనకి పనేమీ లేదు, రోజూ పదింటికి వచ్చి పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. అగ్నివీర్ అప్లికేషన్ కోసం వచ్చిన కుర్రాడు ఫోన్లో వార్తలు పెట్టాడు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ముందురోజు ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడట. వాళ్ల రక్షణ శాఖ ఇకపై యుద్ధ శాఖ. ఆ శాఖ మంత్రి పీట్ హెగ్సెత్ ఇకపై యుద్ధ మంత్రి. బోర్డు కూడా మార్చేశారు.

"ఏందంట?" అన్నాడు నాయన, కుడి చెవి ఇటు తిప్పి. ఆయనకి ఎడమ చెవి వినపడదు. నేను గట్టిగా చెప్పాను.

భార్య పేరు సరిచేయించుకోవడానికి వచ్చినాయన సుబేదారుగా రిటైరయ్యాడు. ఊరంతా సుబేదార్ మామ అనే పిలుస్తారు. "మంచి పని చేసినారు. చేసేది యుద్ధమే గదా, ఆ మాటే బోర్డు మీద రాసుకున్నారు. దాపరికం లేదు" అన్నాడు. కుర్రాడు "పేరు పవర్‌ఫుల్‌గా ఉంది అక్కా" అన్నాడు. నాయన మాత్రం ఏమీ అనలేదు. పేపరు మడిచి బెంచీ మీద పెట్టి ఇంటికి పోయాడు. ఆయన భోజనాల వేళ కాకుండా ఇంటికి పోవడం నేను చూడలేదు.

సుబేదార్ మామ మాట తీసిపారేసేది కాదు. ఆ మాటే నన్ను ఆ రోజంతా కుదురుగా ఉండనివ్వలేదు. ఎందుకంటే పేరుతో దాపరికం చేస్తే ఏమవుతుందో మా ఇంటికి తెలిసినంతగా చాలామందికి తెలియదు.

1987లో నాకు ఎనిమిదేళ్లు. ఆ ఏడాది జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి తమిళుల పోరు ఆపడానికి ఒప్పందం మీద సంతకాలు చేశారు. వెంటనే మన సైన్యం శ్రీలంకకి బయల్దేరింది. నాయన మద్రాస్ సాపర్స్‌లో ఉండేవాడు. సాపర్లంటే వంతెనలు కట్టేవాళ్లు, దారి వేసేవాళ్లు, ముందుపోయి మందుపాతరలు తీసేవాళ్లు. శ్రీలంక పోయిన మన సైన్యానికి పెట్టిన పేరు శాంతి పరిరక్షక దళం. రేడియోలో శాంతి సేన అనేవాళ్లు. మా అమ్మకి ఆ పేరు కొండంత ధైర్యం. నీళ్ల కోసం బోరింగు దగ్గర నిలబడితే చుట్టూ ఉన్న ఆడవాళ్లు అదే చెప్పేవాళ్లు. "శాంతి సేనంట గదా, యుద్ధానికి పోలేదు గదా, ఎందుకు బాధపడతావు?" అమ్మ కూడా అందరికీ అదే తిరిగి చెప్పేది. ఆ మాట చెప్తూ ఉంటే అది నిజమవుతుందని అనుకుందేమో.

అక్టోబరు వచ్చేసరికి అక్కడ పోరు మొదలైంది. ఎవరి మధ్య శాంతి నిలబెట్టడానికి పోయారో వాళ్లలో ఒకరైన ఎల్టీటీఈ తమిళ పులులతోనే మనవాళ్లు వీధి వీధికీ కొట్లాడారు. జాఫ్నాలో ఒక్కొక్క కల్వర్టు కింద ఒక్కొక్క మందుపాతర. దాదాపు 32 నెలలు, 1990 మార్చి 24న చివరి దళం ఓడెక్కేదాకా. 1,100 మందికి పైగా మన జవాన్లు అక్కడే ప్రాణాలు వదిలారు. ఊరికి వచ్చే ఉత్తరాల్లో ఇవేవీ లేవు. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలై, పాపని బడికి పంపు అని ముగిసేవి.

1988 సంక్రాంతి అయిన తరవాత ఇంకొకరి చేతిరాతతో ఉత్తరం వచ్చింది. నాయన మద్రాసులో ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడు మా లైను మీద మీటర్ గేజి బండి. దాంట్లో గుంటూరు, అక్కణ్ణించి ఇంకో బండిలో మద్రాసు. దారి పొడుగునా అమ్మ ఒక్కటే అడిగింది మా చిన్నాయనని. "శాంతి సేన అన్నారు గదరా?" ఆయన సమాధానం చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో కూడా అమ్మ ఆ మాటే అంది. ఈసారి ఎవరినీ ఉద్దేశించి కాదు.

నాయనకి ఎడమ చెవి పోయింది, ఎడమ భుజంలో రెండు ముక్కలు దిగాయి. ఒకటి తీశారు. ఒకటి ఇప్పటికీ ఉంది, చలికాలం నొప్పి పెడుతుంది. పక్కన నడుస్తున్న స్నేహితుడు, ధర్మపురి వైపు తమిళ కుర్రాడు, అక్కడికక్కడే పోయాడు.

నాయన ట్రంకుపెట్టె ఇప్పటికీ మా ఇంట్లో మంచం కింద ఉంటుంది. నల్లరంగు రేకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు. అందులో ఒక గుడ్డసంచి, సంచిలో నాయన మెడల్. దాని పేరు విదేశ్ సేవా మెడల్. రిబ్బను మీద శ్రీలంక అని రాసిన చిన్న పట్టీ ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని బోలెడుసార్లు తీసి చూశాను. యుద్ధం అన్న మాట దాని మీద లేదు, శాంతి అన్న మాట కూడా లేదు. విదేశంలో సేవ. ఆ రెండు ముక్కల్లో మా నాయన చెవి ఎక్కడుందా అని చూసేదాన్ని.

అదే సంచిలో రక్షరేకు ఒకటి. రాగిరేకు మీద గీతలు గీసి, చుట్టచుట్టి, నల్లదారానికి కట్టింది. నాయన బయల్దేరేముందు అమ్మ ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి ఆయన చేతికి, దండ దగ్గర కట్టింది. పేలుడికి దాని ఒక అంచు నలిగిపోయి ఉంది. రాగి ఇప్పుడు పూర్తిగా నల్లబడింది. తోముదామంటే నాయన ఒప్పుకోడు.

చాలా ఏళ్ల తరవాత ఒక కాగితం పని మీద నాయన్ని ఒక ఆఫీసుకి తీసుకుపోయాను. అక్కడి ఉద్యోగి దరఖాస్తు తిరగేసి "ఏ యుద్ధంలో గాయపడ్డారు? డెబ్బయ్యొకటా? కార్గిలా?" అని అడిగాడు. నాయన "శ్రీలంక" అన్నాడు. అతను పెన్ను పక్కన పెట్టి, "అది యుద్ధం కాదు కదండీ, శాంతి సేన కదా" అన్నాడు. చెడ్డగా అనలేదు పాపం, మామూలుగానే అన్నాడు. నాయన కుర్చీలోంచి లేచి, వినపడని చెవి అతనివైపు తిప్పుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కావాలనే అలా తిప్పాడు.

అందుకే సుబేదార్ మామ "దాపరికం లేదు" అన్నప్పుడు ముందు నా మనసు కూడా అటే మొగ్గింది. యుద్ధాన్ని యుద్ధమనే అనాలి. మెత్తటి పేరు పెడితే, చనిపోయినవాడి ఇంటికి తప్ప ఎవరికీ అది యుద్ధమని తెలియకుండా పోతుంది. ఆ వాదనకి అమెరికావాళ్ల చరిత్రలోనూ బలముంది. రక్షణ శాఖ అనే పేరు పెట్టుకున్నాకే వాళ్లు కొరియా, వియత్నాం, ఇరాక్ పోయారు. ఒక్క వియత్నాంలోనే 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. అక్కడి జనం ఎంతమంది పోయారో చెప్పాలంటే లక్షల్లో చెప్పాలి. అంత దూరం పోయి చేసినదాన్ని రక్షణ అనడం న్యాయమా?

అయినా ఏదో ఒకటి కుదరలేదు. రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని ఆ శాఖ పేర్ల కథ మొత్తం చదివాను. చదివాక కుదరనిది ఏమిటో అర్థమైంది.

అమెరికాలో యుద్ధ శాఖ పుట్టింది 1789 ఆగస్టులో. మొదటి మంత్రి హెన్రీ నాక్స్. మొదట్లో నావికా వ్యవహారాలు కూడా దాని కిందే ఉండేవి. 1798లో నౌకాదళానికి వేరే శాఖ పెట్టారు. అప్పటినుంచి దాదాపు 150 ఏళ్లు యుద్ధ శాఖ అంటే ఆర్మీ శాఖ మాత్రమే. నౌకాదళం మంత్రి వేరు, కొలువు వేరు, ఒకరి మాట ఒకరు వినేవాళ్లు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చిక్కులన్నీ అనుభవించాక, 1947 జులై 26న ట్రూమన్ జాతీయ భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. యుద్ధ శాఖ పేరు సైన్య శాఖ అయింది, వైమానిక దళం వేరుపడింది, మూడింటి మీదా రక్షణ మంత్రి అని ఒకణ్ని పెట్టారు. మొదట ఆ మొత్తానికి పెట్టిన పేరు నేషనల్ మిలిటరీ ఎస్టాబ్లిష్‌మెంట్. పొడి అక్షరాల్లో పలికితే ఎనిమీ అని వినపడేది, అంటే శత్రువు! రెండేళ్లకి, 1949 ఆగస్టులో, దాన్ని రక్షణ శాఖ చేశారు.

కాబట్టి ట్రంప్ చెప్పే కథ, అంటే యుద్ధ శాఖ ఉన్నంతకాలం అన్నీ గెలిచాం, పేరు మార్చాక గెలుపు పోయింది అనేది, సరైన లెక్క కాదు. పసిఫిక్ సముద్రంలో గెలిచిన నౌకాదళం యుద్ధ శాఖలోనే లేదు. ఇప్పుడు పెంటగాన్‌లో ఉన్నదానికి పూర్వం ఎప్పుడూ ఆ పేరు లేదు. పైగా చట్టంలో ఇంకా రక్షణ శాఖే. అధ్యక్షుడి ఉత్తర్వు యుద్ధ శాఖని రెండో పేరుగా వాడుకోవచ్చంది, అంతే. చట్టం మార్చాలంటే వాళ్ల పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, ఒప్పుకోవాలి.

ఇంతకంటే నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. 1940లలో ఆ మార్పు చేసినవాళ్లు మెత్తనివాళ్లు కాదు. అప్పుడే ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధం గెలిచి వచ్చినవాళ్లు, అణుబాంబు వేసినవాళ్లు. బ్రిటన్ కూడా వందేళ్లకి పైగా నడిచిన వార్ ఆఫీసుని 1964లో నౌకాదళం, వైమానిక దళం శాఖలతో కలిపి రక్షణ మంత్రిత్వ శాఖ చేసింది. యుద్ధాలు చేసీ చేసీ, ఇక ఈ మాట బోర్డు మీద ఉండకూడదు అనుకున్నారేమో వాళ్లు. ఆ బోర్డు ప్రకారమే నడుచుకున్నారని నేను అనను. కానీ బోర్డు ఉంది కాబట్టి, వియత్నాం రోజుల్లో వాళ్ల పిల్లలు వీధుల్లోకి వచ్చినప్పుడు అడగడానికి ఒక ప్రశ్న ఉంది. ఇది మన దేశాన్ని కాపాడటమేనా అని. యుద్ధ శాఖ అని రాసుకున్నవాణ్ని యుద్ధం ఎందుకు చేశావని ఎట్లా అడుగుతాం? నువ్వు పెట్టుకున్నదే ఆ దుకాణం కదా అంటాడు. కొత్త పేరు వచ్చిన రోజు హెగ్సెత్ చెప్పిందీ అదే, ఇకపై రక్షణ మాత్రమే కాదు, దాడి కూడా చేస్తామని.

పేరు అప్పు లాంటిది. కట్టకపోయినా పత్రం చేతిలో ఉంటే ఎప్పటికైనా అడగొచ్చు. పత్రం చించేస్తే అప్పు తీరినట్టు కాదు, అడిగే దారి పోయినట్టు.

మన దేశంలో కూడా ఈ పేర్లు మారుతూనే వచ్చాయి. 1776లో కలకత్తాలో కంపెనీవాళ్లు మిలిటరీ డిపార్ట్‌మెంట్ పెట్టారు. 1906లో అది ఆర్మీ డిపార్ట్‌మెంట్ అయింది. 1938 జనవరిలో తెల్లదొరలు దాన్నే డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే, 1939 సెప్టెంబరులో, మన నాయకులను ఒక్క మాట అడగకుండా వైస్రాయ్ లిన్లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా కాంగ్రెస్ ప్రభుత్వాలన్నీ రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు కూడా అప్పుడే పదవి వదులుకున్నారు. రక్షణ అని పేరు పెట్టి మమ్మల్ని అడక్కుండా యుద్ధంలోకి తోస్తారా అనే కదా వాళ్ల కోపం.

మొన్నటిదాకా ఆయన పేరే మా జిల్లాకి. 1970లో ఒంగోలు జిల్లా అని పుట్టి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. అంతకుముందు గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. మా జేజి పోయేదాకా "మనది కర్నూలు జిల్లా" అనే చెప్పింది. పేరు మారితే మనుషులు ఒక్క రోజులో మారరు, నిజమే. మా వైపు మార్కాపురం జిల్లా కావాలని గట్టిగా అడిగారు, 2025 చివర్లో అది వచ్చింది, మళ్లీ బోర్డులు మారాయి. కానీ జిల్లాకి ఏ పేరు పెట్టినా దానివల్ల ఎవరి పిల్లవాడూ చనిపోడు.

నెల్లూరు వైపు ఖడ్గతిక్కన కథ అందరికీ తెలిసిందే. మనుమసిద్ధి రాజ్యంలో కాటమరాజు ఆవుల్ని మేపుకున్నాడు, పుల్లరి, అంటే పచ్చిక పన్ను, దగ్గర తగాదా వచ్చింది, పాలేటి ఒడ్డున యుద్ధమైంది. మొదట వెనక్కి తిరిగి ఇంటికొచ్చిన మనుమసిద్ధి సేనాని తిక్కనకి, స్నానం చేసేచోట నులకమంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద పెట్టిందట ఇల్లాలు. ఆడదానికి పెట్టినట్టు. ఆ అవమానానికి మళ్లీ యుద్ధానికి పోయి చనిపోయాడు. బడిలో మాకు ఈ కథ పౌరుషం కథగా చెప్పారు. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, చాటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆగి, "గడ్డి మేసినందుకా?" అంది. ఇంకేమీ అనలేదు. అప్పటికి నాయన ఆసుపత్రి నుంచి వచ్చి ఆరు నెలలు.

యుద్ధ శాఖ అనే బోర్డు నాకు ఆ పసుపుముద్దలాగే కనిపిస్తోంది. అది శత్రువుకి చూపించేది అనుకుంటున్నారు గానీ, ముందు దాన్ని చూసేది సొంత సైనికుడే. రోజూ ఆ గుమ్మం దాటి లోపలికి పోయేవాడు. నువ్వు కాపాడేవాడివి కాదు, కొట్టేవాడివి అని వాడికి పొద్దున్నే చెప్తుంది ఆ బోర్డు. కొట్టే పని లేని రోజు వాడు ఏమవ్వాలి? మా అగ్నివీర్ కుర్రాడికి పేరు పవర్‌ఫుల్‌గా అనిపించింది. పద్దెనిమిదేళ్లవాడికి అనిపిస్తుంది, తప్పు వాడిది కాదు. వాడి మీద నాకు బెంగగా ఉంది, అంతే.

మన భాషలో రక్ష అనే మాట ఎక్కడెక్కడ ఉందో చూడండి. పసిబిడ్డకి నీళ్లు పోశాక చివరి చెంబు చుట్టూ తిప్పి పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు" అంటాం. దిష్టి తీశాక నుదుట పెట్టే బొట్టు రక్ష. అమ్మ నాయన దండకి కట్టింది రక్ష. నేను రోజూ కంప్యూటర్లో తెరిచే ఆ స్పర్శ్ పేరులో కూడా చివరన ఉన్నది రక్షా అనే మాటే. ఈ మాట ఏ సైన్యాధికారీ తయారు చెయ్యలేదు. ఇది తల్లులు వాడే మాట. దాన్ని తెచ్చి ఒక సర్కారు శాఖకి పెట్టామంటే, తల్లి బిడ్డ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటుందో ఆ శాఖ మనుషుల విషయంలో అంత జాగ్రత్తగా ఉండాలని అడుగుతున్నట్టు. మన రక్షణ శాఖ అన్నివేళలా అట్లా ఉందా అంటే, మా నాయన భుజంలో ఉన్న ముక్కని అడగాలి. అయినా ఆ మాట అక్కడ ఉండాలనే నేను కోరుకుంటాను.

ఇదంతా ఆ రాత్రి నాయనకి చెప్పాను. ఆరుబయట నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. కుడివైపు కూర్చుని చెప్పాను. అంతా విన్నాడు. కాసేపటికి లేచి కూర్చుని, "మంటలార్పే ఆఫీసు బోర్డు మీద ఏం రాసుంటారు?" అన్నాడు.

"అగ్నిమాపక కేంద్రం."

"మాపేది గదా. నిప్పు శాఖ అని రాసుకుంటే వాడు బండేసుకుని యాడికి పోతాడమ్మా?"

నేను సుబేదార్ మామ మాట ఎత్తాను. దాపరికం ఉండకూడదు కదా అన్నాను. శాంతి సేన అనే పేరు మనకి చేసిన అన్యాయం గుర్తు చేశాను. ఆ పేరు ఆయన ముందు ఎత్తి ఎన్నేళ్లయిందో.

"అది వేరే, ఇది వేరే" అన్నాడు. "మేం జాఫ్నాలో చేసింది యుద్ధం. దాన్ని యుద్ధమనే రాయాల. పుస్తకంలో రాయాల, రాయి మీద రాయాల, పింఛను కాగితంలో రాయాల. ఆఫీసు మీద రాయగూడదు. ఆఫీసు పని మమ్మల్ని పంపడం ఒక్కటే గాదు. పంపకుండా ఉండేది గూడా దాని పనే. ఆ రెండో పని ఎవురికీ కనపడదు. పేరులో అన్నా ఉండాల."

నేను గంటలు గంటలు చదివి తెలుసుకున్నది ఆయన మంచం మీద కూర్చుని నాలుగు ముక్కల్లో చెప్పాడు. పొద్దున పేపరు మడిచిపెట్టి లేచిపోయింది కూడా అందుకేనట. సుబేదార్ మామ తనకంటే పెద్దర్యాంకు, పదిమందిలో ఎదురు చెప్పడం బాగుండదని.

రాయి మీద రాయాల అన్న మాట ఆయన ఊరికే అనలేదు. 2022లో నాయన్ని ఢిల్లీ తీసుకుపోయాను. ఎన్నాళ్లుగానో అడుగుతూ వచ్చాడు. ఇండియా గేటు పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. స్వతంత్రం వచ్చాక పోయిన సైనికుల పేర్లు, 25 వేలకి పైగా, గ్రానైట్ పలకల మీద చెక్కారు. గుండ్రటి గోడలు, ఒక చుట్టులో ఇంకో చుట్టు. పేర్లున్నదాన్ని త్యాగ చక్రం అంటారు. ధర్మపురి స్నేహితుడి పేరు వెతకడానికి మాకు చాలాసేపు పట్టింది. మొదట ఒక చోట చూసి కాదన్నాడు, నంబరు వేరన్నాడు. ఆ నంబరు ముప్పై నాలుగేళ్ల తరవాత కూడా ఆయనకి నోటికి ఉంది. దొరికాక వేలితో ఒక్కొక్క అక్షరం తడిమాడు. ఇంగ్లీషు అక్షరాలు. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు, కానీ ఆ పేరు ఎట్లా రాస్తారో తెలుసు. పోయినాయన పెట్టె మీద తెల్ల పెయింటుతో ఆ పేరు రాసింది మా నాయనేనట. నాకు ఆ రోజే తెలిసింది.

పేరు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. వెనక జనం వస్తుంటే జరిగి, బయటి చుట్టులో చెట్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆ చెట్ల వరసకి రక్షక చక్రం అని పేరు. నేను బోర్డు చదివి చెప్పాను. "బాగా పెట్టినారు" అన్నాడు. నీళ్ల సీసా ఇస్తే సగం తాగి, మిగతా సగం పక్కనున్న చెట్టు మొదట్లో పోశాడు.

ఆ పలక ఫొటో ఫోన్లో తీశాను. ఊరికొచ్చాక రెండు కాపీలు ప్రింటు తీయమన్నాడు. ఒకటి ట్రంకుపెట్టెలో, గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. రెండోది ధర్మపురికి, ఆయన తమ్ముడి అడ్రసుకి, రిజిస్టరు పోస్టులో పంపాలి. కవరు మీద ఇంగ్లీషులో అడ్రసు రాసి, ఇటువైపు పంపినవాళ్ల పేరు దగ్గర ఆగి, "నీ పేరు, ఊరు రాస్తే చాలా?" అని అడిగాను.

"హవల్దార్ అని రాయి. నంబరు రాయి" అన్నాడు. రాశాను. "కింద శ్రీలంక యుద్ధం, 1987–88 అని రాయి."